అలాస్కా పులస పుట్టిల్లు

మే నెల మధ్యలో అమెరికాలో కొన్ని షాపుల్లో చేపల దగ్గర ‘కాపర్ రివర్ సాల్మన్ వచ్చింది’ అని బోర్డు కనిపిస్తుంది. ధర చూస్తే గుండె గుభేల్‌మంటుంది. పక్కనున్న మామూలు సాల్మన్ తీసుకుని వచ్చేస్తాం. కానీ పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న వాళ్లం కదా మనం! ఆ ధర వెనకున్న సంగతి మనకి ఇట్టే అర్థమవుతుంది.

సముద్రంలో ఉన్నంతకాలం అది మామూలు చేప. వరద గోదావరికి ఎదురీదితేనే పులస. ఈ సాల్మన్ కథా అలాంటిదే. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన చోటికే వెళ్తుంది. పురిటికి పుట్టింటికి వెళ్లినట్టన్న మాట. నదిలోకి వచ్చాక ఇక తిండి ముట్టదు. కాపర్ నది పొడవు దాదాపు 290 మైళ్లు. నీళ్లు చల్లన, ప్రవాహం జోరు. ఆ ప్రయాణానికి సరిపడా కొవ్వు సముద్రంలోనే ఒంట్లో దాచుకుని బయల్దేరుతుంది. ఆ కొవ్వే దాని రుచి.

మరి ఆ నది పుట్టిల్లు ఏది? అలాస్కా ఆగ్నేయ భాగంలోని రాంగెల్ పర్వతాలు. మౌంట్ రాంగెల్ ఈశాన్యపు వైపున్న కాపర్ గ్లేసియర్‌లో పుట్టి, మొదట ఉత్తరానికి పోయి, పడమటికి తిరిగి, కొండల్ని అర్ధచంద్రాకారంలో చుట్టి, దక్షిణాన అలాస్కా సింధుశాఖలో కలుస్తుంది.

ఈ వరుసలో పెద్ద కొండలన్నీ దాదాపు అగ్నిపర్వతాలే. బ్లాక్‌బర్న్ ఎత్తు 16,390 అడుగులు, శాన్‌ఫర్డ్ 16,237 అడుగులు. ఇవి చల్లారిపోయాయి. 14,163 అడుగుల మౌంట్ రాంగెల్‌లో మాత్రం ఇంకా వేడి ఉంది. సముద్రం వైపు నుంచి వచ్చే భూఫలకం అలాస్కా అడుగుకి దూరడం వల్ల లోపల రాయి కరిగి, ఈ కొండలు లేచాయి. ఎత్తు ఎక్కువ, ఉత్తరాన ఉన్న చోటు, సముద్రం నుంచి తేమగాలి. అందుకే పడిన మంచు ఏళ్ల తరబడి పేరుకుని గ్లేసియర్లయింది. రాంగెల్ శిఖరం మీద 4 కిలోమీటర్ల వెడల్పు, 6 కిలోమీటర్ల పొడవున్న గుంత నిండా మంచే. దాని అంచున మాత్రం ఆవిరి వస్తుంటుంది. తేటగా ఉన్న రోజు దూరం నుంచి కూడా కనిపిస్తుంది. ఇక్కడి ఆట్నా జనం ఈ కొండని ‘వాతావరణాన్ని నడిపేది’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ప్రవాహానికి తిరుగుతూ బుట్టలతో చేపల్ని పైకెత్తే చక్రాలు ఈ నదిలో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

ఈ నదికి అడ్డంగా ఆనకట్ట లేదు. అయినా బెంగ లేదనలేం. 2018లో సాల్మన్ మరీ తక్కువగా రావడంతో మేలో మొదలైన వేటని కొద్ది రోజులకే ఆపేశారు. సముద్రం వేడెక్కడమే కారణమై ఉంటుందని నిపుణులు అనుమానించారు. ఇటు కొండ మీద మంచు కూడా తరుగుతోంది.

ఆ తరుగుదల కళ్లారా చూడాలంటే కెనికాట్ వెళ్లాలి. 1900లో ఇద్దరు ఈ కొండవాలు మీద పచ్చటి మచ్చ చూసి, గుర్రాలకి మేత దొరికిందనుకున్నారట. తీరా అది రాగి ఖనిజం! 1911 నుంచి 1938 దాకా రైలు మార్గంలో రాగి తరలించారు. రాగి అయిపోగానే ఊరు ఖాళీ. 14 అంతస్తుల ఎర్రటి మిల్లు మాత్రం మిగిలింది. దాని ముందు లోయ నిండా బూడిదరంగు రాళ్ల గుట్టలు ఉంటాయి. గని తవ్వి పోసిన చెత్త అనుకుంటారు చాలామంది. కాదు, అది రాళ్లు కప్పుకున్న గ్లేసియర్. పాత ఫోటోల్లో చూస్తే అక్కడే మంచు చాలా ఎత్తున ఉండేది.

వేసవి సెలవుల్లో అలాస్కా వెళ్లేవాళ్లు ఎక్కువగా క్రూజ్‌తో సరిపెట్టుకుంటారు. ఈ రాంగెల్–సెయింట్ ఎలియాస్ నేషనల్ పార్క్ 1980లో ఏర్పడింది. 1 కోటి 32 లక్షల ఎకరాలతో అమెరికాలో అన్నిటికంటే పెద్దది ఇదే. అయినా జనం పలచన. యాంకరేజ్ నుంచి కారులో ఏడెనిమిది గంటలు. చివరి 60 మైళ్లు పాత రైలు కట్ట మీద వేసిన కంకర రోడ్డు. అద్దె కార్ల వాళ్లు చాలామంది ఆ రోడ్డు మీదికి ఒప్పుకోరు, ముందే అడగండి. చివర నది మీద కాలినడక వంతెన దాటాలి. స్పేర్ టైరు, నిండా పెట్రోలు, రెండు పూటలకి పులిహోర ఉండాల్సిందే. గైడ్ లేకుండా పిల్లల్ని మంచు మీదికి తీసుకెళ్లొద్దు.

మిల్లు ముందు నిలబడ్డప్పుడు ఆ రాళ్ల గుట్టల్ని పిల్లలకి చూపించి, అవి ఏమిటో ముందు వాళ్లనే చెప్పమనండి. మంచు అని మీరు చెబితే మొదట నమ్మరు.