నీటి బిల్లులో మురుగు సెస్సు - లెక్కకు రాని బోరు నీరు

హైదరాబాద్: 1989 నాటి చట్టం ద్వారా ఏర్పడిన హైదరాబాద్ జలమండలి మురుగునీటి పారుదల సేవకు వేరుగా బిల్లు ఇవ్వదు. నీటి చార్జీపై 35 శాతాన్ని సెస్సుగా అదే బిల్లులో వసూలు చేస్తుంది. ఉదాహరణకు నీటి చార్జీ 400 రూపాయలైతే సెస్సు 140 రూపాయలు. ఇంటి నుంచి వెలువడే మురుగును కొలిచే మీటరు లేనందున, సరఫరా అయిన నీటినే ప్రాతిపదికగా తీసుకోవడం జరుగుతున్నది.

అయితే నగరంలోని అనేక అపార్ట్‌మెంట్లు బోర్లపైన, ప్రైవేటు ట్యాంకర్లపైన ఆధారపడుతున్నవి. ఆ నీరు సైతం వాడకం అనంతరం అదే భూగర్భ డ్రైనేజీలో కలుస్తుంది. మండలి మీటరులో మాత్రం నమోదు కాదు. వేసవిలో ట్యాంకర్ల రాకపోకలు పెరిగేకొద్దీ ఈ వ్యత్యాసం కూడా పెరగడం గమనార్హం. 2020 డిసెంబరు నుంచి వర్తింపజేసిన ఉచిత నీటి పథకంలో నెలకు 20 వేల లీటర్ల లోపు వాడే అర్హులకు సున్నా బిల్లు విధానం వచ్చింది. ఆ మేరకు తగ్గే రాబడిని ప్రభుత్వమే భర్తీ చేయవలసి ఉంటుంది.

31 మురుగుశుద్ధి కేంద్రాల నిర్మాణానికి 2021లో ప్రభుత్వం 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మురుగు నల్లా నీటిదైనా, బోరు నీటిదైనా శుద్ధి వ్యయం ఒక్కటే. బోరు వాడకంపైనా సెస్సు సక్రమంగా విధించాలంటే ముందుగా బోర్ల లెక్క తేలవలసి ఉన్నది.