మడమకి ముహూర్తం

మడమ ఎముక విరిగితే ఆ రాత్రికి రాత్రే కోసి ప్లేటు వేయాలట, లేకపోతే జీవితాంతం కుంటేనట. జంషెడ్‌పూర్‌లో, మా కద్మా తెలుగువాళ్ళ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఉక్కు ఊళ్ళో ఉంటున్నాం కదా, ప్లేటంటే మనకి గురి ఎక్కువ. పోయిన వేసవిలో మా వీధి రంగుల మేస్త్రి పరంజా మీంచి పడ్డాడు. పది రోజులు ఆగాలన్నందుకు డాక్టర్ని మేస్త్రి బావమరిది తిట్టని తిట్టు లేదు. అది అన్యాయం.

ఆ కాలు నేను చూశాను. ఉబ్బిపోయి, నీలం తిరిగి, చీలమండ చుట్టూ నీటి బొబ్బలు. మడమ పక్కన కండ ఉండదు, చర్మం కిందే ఎముక. బిర్రుగా వాచిన ఆ చర్మాన్ని కోస్తే కుట్లు నిలవవు. అంచులు నల్లబడి కుళ్ళుతాయి, చీము లోపలికి దిగితే వేసిన ప్లేటే తీసేయాల్సి రావచ్చు. అందుకే కాలు ఎత్తులో పెట్టించి, చర్మం మీద సన్నటి ముడతలు మళ్ళీ కనపడేదాకా ఆగుతారు. వారమో, రెండు వారాలో. ఆ ముడతే ముహూర్తం.

వెంటనే చేయాల్సినవీ ఉన్నాయి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, పిక్క కండ పైకి లాగేసిన ముక్క మడమ వెనక చర్మాన్ని లోపల్నించి పొడుస్తున్నా గంటలు లెక్కే. మేస్త్రిది ఆ రెండూ కాదు.

ఇక ఆ 'కుంటే' సంగతి. బ్రిటన్‌లో 22 ఆసుపత్రుల్లో 151 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకే ఆపరేషన్ చేశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ళు గడిచాక నొప్పిలో, నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తంటాలు మాత్రం కోయించుకున్నవాళ్ళలో 23 శాతం, మిగతావాళ్ళలో 4 శాతం. అలాగని కోతే దండగ అంటే అదీ తప్పే. మడమ ఆకారం మరీ చెడినవాళ్ళని ఆ పరీక్షలో చేర్చుకోలేదు. 2002 నాటి కెనడా పరీక్షలో ఆపరేషన్ లేనివాళ్ళకే తర్వాత కీలు బిగించేయాల్సిన అవసరం ఎక్కువ పడింది. ఎవరికి కోయాలో సీటీ స్కాన్, వయసు, షుగరు, పొగ అలవాటు చూసి తేల్చాలి, వీధి అరుగు మీద కాదు.

గట్టిగా అడగాలనుకుంటే నడుముకి ఎక్స్‌రే తీశారా అని అడగాల్సింది. ఎత్తు నుంచి పడి మడమ విరిగినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి వెన్నుపూస కూడా విరుగుతుంది. బావమరిది ఆ ఊసే ఎత్తలేదు. పొగ తాగితే గాయం మానదని డాక్టరు వద్దన్న బీడీ కట్టని దిండు కింద పెట్టి వచ్చింది కూడా ఆయనే.