బజారులో మూతపడుతున్నది దుకాణమా, ఖాతా పుస్తకమా?
కాగజ్‌నగర్ చెబుతున్న పాఠం

కాగజ్‌నగర్: బజారులో దుకాణం మారితే ముందుగా తెలిసేది పల్లె నుండి వచ్చినవానికే. పట్టణంవాడు రోజూ చూస్తుంటాడు గనుక మార్పు అతని కంటికి ఆనదు. కౌటాల నుండో, బెజ్జూరు నుండో, దహెగాం నుండో నెలకొకసారి సామాన్లకు వచ్చేవాడు మాత్రం తనకు తెలిసిన సేటు మడిగ ముందు ఆగి, లోపల సెల్‌ఫోన్లు అమ్ముతుంటే బిత్తరపోతాడు. తనకు ఉద్దెర ఇచ్చే సేటు ఎక్కడికి పోయాడని అడుగుదామంటే పక్క దుకాణంలోనూ కొత్త మొగమే వుంటుంది.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పట్టణాలన్నిటా ఈ పరిస్థితి కొద్దిగానో గొప్పగానో వున్నది. 2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలు విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. కలెక్టరు కచేరీ వచ్చిన ఊళ్ళో హోటళ్ళు, జిరాక్సు దుకాణాలు పెరిగాయి. కానీ ఏ బజారైనా నిలబడేది నెలనెలా చుట్టుపక్కల చేతికందే జీతం మీద, కూలి మీద, పంట డబ్బు మీద. ఆ డబ్బు చేతికి రావడం ఆలస్యమైన రోజుల్లో ఇల్లు గడిపేది దుకాణంలోని ఖాతా పుస్తకం. ఆ పుస్తకమే ఇప్పుడు ఒక్కొక్క దుకాణంలో మూతపడుతున్నది. దీనివల్ల మేలెంత, కీడెంత అన్నది పల్లె ప్రజలు ఆలోచించుకోవలసిన సమయం వచ్చింది.

మిల్లుతో పెరిగిన బజారు

కాగజ్ అంటే ఉర్దూలో కాగితం. కొత్తపేట అనే ఊరు కాగితపు మిల్లు వచ్చిన తరువాతనే కాగజ్‌నగర్ అయింది. సిర్పూర్ పేపర్ మిల్లుకు నిజాం కాలంలో, 1938లో అంకురార్పణ జరిగింది. కాజీపేట - బల్లార్షా రైలు మార్గం దగ్గరుండడం, చుట్టూ అడవుల్లో వెదురు దొరకడం దానికి కలిసివచ్చాయి. పని కోసం నలుమూలల నుండి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. అందుకే ఈ బజారులో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ అన్నీ వినిపిస్తాయి. ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ వైపు స్థిరపడిన బెంగాలీ కుటుంబాలకు కూడా పెద్ద బజారు ఇదే.

మిల్లులో జీతాలు పడిన రోజు ఇక్కడ పండుగ. కిరాణం దుకాణంలో పాత బాకీ కట్టి, కొత్త నెల సామాన్లు రాయించుకునేవారు. బట్టల దుకాణం, దర్జీ, చెప్పుల దుకాణం, మిఠాయి దుకాణం, చివరకు రోడ్డు పక్కన గాజుల బండి దాకా ఆ జీతంలో అందరికీ భాగం వుండేది. కార్మికుని చేతిలోని రూపాయి సాయంత్రానికి సేటు గల్లాలోకి, మర్నాటికి కూరగాయలు తెచ్చిన పల్లె రైతు కొంగులోకి చేరేది. పల్లెకూ మిల్లుకూ వున్న చుట్టరికం ఇదే.

నాలుగేండ్ల గడ్డుకాలం

2014 సెప్టెంబరులో మిల్లులో ఉత్పత్తి ఆగిపోయింది. ఈ పట్టణానికి ఇది మొదటి దెబ్బ కాదు. పక్కనే వున్న సర్‌సిల్క్ మిల్లు 1980లలో మూతపడి మళ్ళీ తెరుచుకోలేదు. కానీ అప్పుడు కాగితపు మిల్లు నడుస్తుండడం వల్ల బజారు తట్టుకున్నది. ఈసారి ఆ ఆసరా కూడా లేకుండా పోయింది.

మిల్లు ఆగితే బజారు ఒక్కరోజులో ఆగదు. అది ఎట్లా కుంగిపోతుందో గమనించవలసి వున్నది. మొదటి నెలల్లో కిరాణం సేటు ఎప్పటివలెనే సామాన్లు ఇస్తాడు. రేపో మాపో మిల్లు తెరుస్తారని అతని ఆశ. ఖాతాలో పేజీలు నిండుతాయి, గల్లాలో పైసలు రావు. సేటుకు సరుకు ఇచ్చే హోల్‌సేల్ వ్యాపారి కూడా కొన్నాళ్ళు ఆగి, తరువాత నగదు ఇస్తేనే బస్తా దింపుతానంటాడు. అప్పుడు సేటు ఖాతాదారులలో ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలి అని లెక్క వేయక తప్పదు. అక్కడి నుండి కార్మికుని ఇంట్లో మొదట బట్టలు, తరువాత పాలు, ఆ తరువాత పిల్లల ఫీజులు తగ్గుతాయి. బతుకుతెరువు కోసం కుటుంబం ఊరు విడిచిపోతే ఆ పేజీ వసూలు కాని బాకీగా మిగిలిపోతుంది. దర్జీ, టీ హోటలు, అద్దె ఇండ్లవారు అందరిదీ ఇదే దారి.

2018లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదంతో మిల్లు జె.కె. పేపర్ సంస్థ చేతికి వచ్చింది. ఆ తరువాత మళ్ళీ కాగితం తయారు కావడం మొదలైంది. పట్టణం ఊపిరి పీల్చుకున్నది. అయితే బజారు మాత్రం మునుపటి బజారుగా తిరిగి రాలేదు.

ఈలోగా మారిన లోకం

మిల్లు మూతబడిన నాటి లోకం వేరు, తెరిచిన నాటి లోకం వేరు. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల పాత నోట్లు రద్దయ్యాయి. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. వచ్చింది. చిట్టీ కాగితం మీద లెక్క రాసుకునే సేటు కంప్యూటరు బిల్లు దాకా పోవలసి వచ్చింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు కిరాణం దుకాణాలకు కొన్ని గంటలు తెరిచే వీలున్నది గానీ, బట్టల దుకాణాలు, దర్జీలు, హోటళ్ళు నెలల తరబడి దెబ్బతిన్నాయి. అదే కాలంలో జనం ఫోనులో వస్తువులు తెప్పించుకోవడం, ఫోనుతోనే డబ్బు కట్టడం అలవాటు చేసుకున్నారు.

ఇప్పుడు ఏ పట్టణంలో చూసినా కొన్ని దుకాణాలు దాదాపు కనుమరుగైనాయి. ఇత్తడి బోళ్ళకు కలాయి పూసేవారు, రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవారు, కాసెట్ల దుకాణాలు ఇక కానరావు. ఎస్టీడీ బూతులు వచ్చినంత వేగంగానే పోయాయి. సైకిలు దుకాణం మోటారు సైకిలు మెకానిక్‌కు చోటిచ్చింది. బట్ట కొని దర్జీకి ఇచ్చేవారు తగ్గి రెడీమేడ్ దుకాణాలు పెరిగాయి. మీసేవ కేంద్రం, నీళ్ళ ప్లాంటు, బిర్యానీ హోటలు, బ్యూటీ పార్లరు కొత్తగా వచ్చాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేము. కాలానికి తగిన దుకాణం కాలంతో వస్తుంది.

కిరాణం సంగతి మాత్రం వేరు. ఉప్పు, పప్పు, నూనె ఏ కాలంలోనైనా కావలసినవే. అక్కడ మారింది అమ్మే పద్ధతి. సూపర్ మార్కెట్టు కంపెనీ నుండి నేరుగా ఎక్కువ సరుకు కొంటుంది గనుక ధర తగ్గించగలదు. కానీ అక్కడ నగదు ఇవ్వాలి, లేకుంటే ఫోనులో కట్టాలి. "పంట వచ్చినాక ఇస్తా" అనే మాట అక్కడ చెల్లదు. కాగితం పేరు పెట్టుకున్న ఊళ్ళోనే కాగితపు ఖాతా పోతున్నది!

బొగ్గు ఊళ్ళు, మగ్గాల ఊరు

ఇది కాగజ్‌నగర్ ఒక్కదాని కథ కాదు. సింగరేణి సంస్థలో 1990ల తొలినాళ్ళలో లక్ష మందికి పైగా కార్మికులు వుండేవారు. ఇప్పుడు వారి సంఖ్య 40 వేలకు అటూ ఇటూ వున్నది. యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి, భూగర్భ గనులు తగ్గాయి. బెల్లంపల్లి చుట్టూ గనులు ఒకటొకటిగా మూతబడి బజారు చిక్కిపోయింది. గోదావరిఖనిలో లక్ష్మీనగర్ దుకాణాలు ఇప్పటికీ గని జీతాల మీదనే ఆధారపడి వున్నాయి. రామగుండంలో 1999లో మూతబడిన ఎరువుల కర్మాగారం స్థానంలో 2021లో కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఈ మధ్య గడిచిన ఇరవై యేండ్లకు పైబడిన కాలంలో ఒక తరం బజారే మారిపోయింది.

సిరిసిల్లలో మరమగ్గం ఆడితే కిరాణం ఆడుతుంది. 2017 నుండి బతుకమ్మ చీరెల ఆర్డర్లు వచ్చిన నెలల్లో నేత కార్మికుని చేతికి కూలి అందేది, ఖాతా తీరేది. ఆర్డరు ఆలస్యమైతే మొదట తెలిసేది కిరాణం సేటుకే. ఏ ఊరి సంగతి ఎట్లా వున్నదో తెలుసుకోవాలంటే ఆ ఊరి ఖాతా పుస్తకం చూస్తే చాలు.

పల్లె దుకాణం మాటేమిటి?

2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇది ఆడవారికి గొప్ప మేలు. ఆస్పత్రికి, కచేరీకి, తల్లిగారింటికి పోవడానికి మగవారిని పైసలు అడిగే అవసరం తప్పింది. అయితే ఛార్జీ లేనప్పుడు ఊరి దుకాణాన్ని దాటి మండలానికి, మండలాన్ని దాటి మంచిర్యాలకు, కరీంనగర్‌కు సామాన్లకు పోవడం కూడా తేలికైంది. 2025 ఏప్రిల్ నుండి రేషన్ కార్డు మీద సన్నబియ్యం మనిషికి 6 కిలోల చొప్పున ఇస్తున్నారు. పేద ఇంటికి ఇది పెద్ద ఆదా. అదే సమయంలో కిరాణం దుకాణంలో బియ్యం బేరం తగ్గక మానదు.

ప్రజలకు మేలైన పనులను దుకాణం కోసం ఆపమనేవారు ఎవరూ లేరు. కానీ ఒక సంగతి మరువరాదు. చేతిలో పైసలున్న నాడు అన్నీ పట్టణంలో కొని, పైసలు లేని నాడు మాత్రం ఊరి దుకాణం ముందు నిలబడితే ఆ దుకాణం ఎన్నాళ్ళు వుంటుంది? రాత్రి పది గంటలకు బిడ్డకు జ్వరమొస్తే గోలీ ఇచ్చేది, చుట్టాలొస్తే చక్కెర, చాయపత్తి ఇచ్చేది ఆ తలుపే.

ఉద్దెరలో తీపి, చేదు

ఉద్దెరను మరీ పొగడవలసిన పని కూడా లేదు. కిరాణం ఉద్దెర వేరు, ఎరువుల దుకాణం ఉద్దెర వేరు. పత్తి రైతు జూన్‌లో 20 వేల రూపాయల విత్తనాలు, ఎరువులు ఉద్దెర మీద తెచ్చి జనవరిలో బాకీ కడతాడనుకుందాం. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అయితే ఏడు నెలలకు 2,800 రూపాయలు. అదే డబ్బు బ్యాంకు పంట రుణంగా తీసుకుంటే, ఏడాదికి నూటికి 7 చొప్పున ఏడు నెలలకు మిత్తి సుమారు 820 రూపాయలే. గడువులోగా కట్టినవారికి అందులోనూ 3 శాతం తగ్గింపు వున్నది. పైగా ఉద్దెర ఇచ్చిన వ్యాపారికే పత్తి వేయవలసి వస్తే తూకంలో, ధరలో ఎంత పోతుందో రైతుకు బాగా తెలుసు. బాకీ వున్నవాడు రశీదు అడగలేడు. రశీదు లేకపోతే విత్తనం మొలవనప్పుడు నష్టపరిహారం కోసం చూపడానికి చేతిలో ఆధారం వుండదు.

కనుక ఉద్దెర పోవడం అన్నిచోట్లా చెడ్డది కాదు. పెట్టుబడికి బ్యాంకు అప్పు, ఇంటి ఖర్చుకు మహిళా సంఘం అప్పు సమయానికి దొరికితే రైతు దుకాణం ముందు తల వంచే పని లేదు. చిక్కల్లా ఖాతా పుస్తకం ఒకవైపు మూతపడుతూ, బ్యాంకు తలుపు మరోవైపు తెరుచుకోకపోవడంలో వున్నది. ముఖ్యంగా పట్టా కాగితం లేని కౌలు రైతుకు, రోజు కూలీకి బ్యాంకు అప్పు పుట్టదు. ఫోనులో అప్పు ఇస్తామనే యాప్‌ల వలలో చిక్కేది ఇటువంటివారే.

చేయవలసిన పనులు

మొదటిది మునిసిపాలిటీల చేతిలో వున్నది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలోనూ వెండింగ్ కమిటీ వుండాలి. అందులో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే వుండాలి. అయిదేండ్లకొకసారైనా సర్వే చేయాలి. సర్వే చేసి గుర్తింపు పత్రాలు ఇవ్వకముందే బండ్లను తొలగించరాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఈ చట్టాన్ని ఫైలులో వుంచక అమలు చేయాలి. పల్లె నుండి కూరగాయల గంప తెచ్చే ఆడవారికి కూడా కూర్చునే చోటు చూపాలి.

రెండవది బ్యాంకులది. 2020లో వచ్చిన స్వనిధి పథకం పట్టణంలోని బండివారికి 10 వేల రూపాయల తొలి అప్పుతో మొదలైంది. పల్లెలోని చిన్న కిరాణానికి, కౌలు రైతుకు కూడా ఇంత సులువుగా అప్పు అందే మార్గం కావాలి.

మూడవది దుకాణదారులది. ఒక్కొక్కరు ఒక్కొక్క బస్తా కొనేకన్నా పదిమంది కలిసి సరుకు తెప్పించుకుంటే ధర తగ్గుతుంది. తూకం, ధర సరిగా వుంటే గిరాకీ ఎక్కడికీ పోదు.

నాలుగవది మనది. ఎరువుల దుకాణంలో ఉద్దెరైనా, నగదైనా రశీదు అడిగి తీసుకోవాలి. కష్టకాలంలో ఆదుకున్న కిరాణం బాకీని పంట రాగానే ముందుగా తీర్చాలి. నెల సామాన్లలో సగమైనా ఊరి దుకాణంలో కొనాలి.

మిల్లు మూతపడితే పత్రికల్లో వార్త వస్తుంది, మంత్రులు వస్తారు, కోర్టులు తీర్పు చెబుతాయి. కిరాణం సేటు ఖాతా పుస్తకం మూస్తే ఏ పత్రికలోనూ వార్త రాదు. ఆ సంగతి తెలిసేది చేతిలో పైసలు లేక, సంచి పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడినవానికే. అతనికి మరో తలుపు తెరిచిపెట్టిన తరువాతనే ఈ తలుపు మూతపడాలి.