రిఫండ్ బోనస్ కాదు, మీ జీతమే

కనగానపల్లి నుంచి బెంగళూరు వెళ్లి ఉద్యోగంలో చేరే యువతలో కొందరికి జీతం ‘ప్రొఫెషనల్ ఫీజు’ పేరుతో వస్తుంది. నెలకు రూ.30,000 అనుకుంటే 10 శాతం టీడీఎస్ పోగా చేతికొచ్చేది రూ.27,000. ఏడాదికి రూ.36,000 కోత. 2025-26కు కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల దాకా పన్నే లేదు. వీరి ఆదాయం రూ.3.6 లక్షలే. ఆ సొమ్మంతా వెనక్కి రావాల్సిందే. కానీ రిటర్న్ వేస్తేనే. వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. కోత 26ఏఎస్‌లో కనిపిస్తోందో లేదో ముందే చూసుకోండి.

‘ఇంకా ఎక్కువ ఇప్పిస్తా, కమీషన్ ఇవ్వు’ అనేవాళ్లు ఉంటారు. కట్టని అద్దె, ఇవ్వని విరాళాలు చూపిస్తారు. దొరికితే ఎగ్గొట్టిన పన్నుపై 200 శాతం దాకా జరిమానా. కట్టేది మీరు, వాళ్లు కాదు.

డబ్బు పడ్డాక కొత్త ఫోన్ గుర్తుకు రావడం సహజం. ఒక్క లెక్క చూడండి. గడువులోగా రిటర్న్ వేసినవారికి రిఫండ్‌పై ప్రభుత్వమిచ్చే వడ్డీ నెలకు నూటికి అర్ధ రూపాయి. విత్తనకాయల కోసం నాన్న తెచ్చిన చేబదులు నూటికి రెండు రూపాయలైతే, అదే రూ.36,000కు నెలనెలా రూ.720 పోతోంది. ముందు అది తీర్చేయండి. అప్పు లేని ఇంట్లోనే ఫోన్ మాట.