పిలవని పేరంటం

గాజువాకలో ఐటీఐ పూర్తిచేసిన కుర్రాడు మెయిల్ తెరిస్తే ముందుగా పలకరించేవి ఉద్యోగాలే. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, సింగపూర్ ఓడల్లో. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. ‘తిరిగిచ్చేసే డిపాజిట్’ ఒక్కటే అడుగుతారు. లాటరీ తగిలిందంటే నవ్వి ఊరుకునే తండ్రి కూడా ఉక్కు పేరు కనబడితే ఒక్క క్షణం ఆగుతాడు. ఈ ఊళ్లో ఆ పేరుకున్న బరువు అలాంటిది. పంపేవాడికీ ఆ సంగతి తెలుసు.

ఈ పిలవని మెయిళ్ల బెడద పాతదే. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థ్యుర్క్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి ఒకేసారి తమ కొత్త యంత్రాల ప్రచారం పంపాడు. తిట్లు పడ్డాయి, సరుకూ అమ్ముడైందట. ఆ రెండో సంగతే కొంప ముంచింది. లక్ష మందికి పంపినా పెద్దగా ఖర్చు లేనప్పుడు, ఆ లక్షలో ఒక్కరు నమ్మినా లాభమే కదా.

జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఒక కట్టడి తెచ్చాయి. భారీగా మెయిళ్లు పంపే సంస్థలు తామెవరో సాంకేతికంగా రుజువు చేసుకోవాలి, ఒక్క నొక్కుతో వద్దనే వీలు ఇవ్వాలి. దుకాణాల ప్రకటనలకు ఇది ముకుతాడే. అపరిచితుడి ఖాతా దొంగిలించి కొద్దికొద్దిగా పంపే మోసగాడికి మాత్రం కాదు.

ఆ మోసగాడెవరన్న ప్రశ్నకు విశాఖ దగ్గర చేదు జవాబుంది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి ఏజెంట్లకు డబ్బు కట్టిన మన కుర్రాళ్లు కంబోడియాలో తేలారని 2024 మేలో బయటపడింది. అక్కడ వారిని నిర్బంధించి, ఫోన్లలో, ఆన్‌లైన్‌లో మన దేశంవాళ్లనే బురిడీ కొట్టించే పనిలో పెట్టారు. విశాఖ పోలీసులు కేసు పట్టుకుని కదిలాక కొందరు అదే నెలలో విమానం దిగి ఇళ్లకు చేరారు. మోసపోయినవాడి చేతనే మోసం చేయించారన్నమాట. కనుక ఆ చెత్త వెనకున్న ప్రతి చేతినీ తిట్టబుద్ధి కాదు.

చెత్త మెయిల్ కనబడితే చాలామందిమి చెరిపేసి ఊరుకుంటాం. ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కితేనే వడపోతకు అదేమిటో తెలిసేది. దానివల్ల మనకంటే ముక్కూ మొహం తెలియని పదిమందికి మేలు. ముక్కూ మొహం తెలియని వాడి మెయిల్లో ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కడం మాత్రం తగదు, ఈ చిరునామా వాడుకలో ఉందని మనమే చెప్పినట్టవుతుంది. ఓడ ఉద్యోగమంటే ఆ ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో చూడాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము వసూలు చేయకూడదని నిబంధన. అంటే డబ్బు అడిగినచోటే అనుమానించాలి. పోయిన డబ్బుకు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ఉంది, ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత ఆశ.

విసిగించే కాల్స్‌పై, ఎస్ఎంఎస్‌లపై ఫిర్యాదుకు 1909 నంబరు ఉంది. మెయిళ్లకు అలాంటిదేదీ లేదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ పంపినదెవరో దాచి విసిగించే మెయిళ్లనూ నేరమనేది. దాన్ని విమర్శకుల మీదా ప్రయోగించారు గనుక 2015లో సుప్రీంకోర్టు కొట్టేయడమే మంచిదైంది. ఆ ఖాళీలో చెత్త మెయిళ్ల కోసమే ఒక చట్టం మాత్రం ఇంతవరకూ రాలేదు. వచ్చేలోగా మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు చివరి ఏడాది పిల్లలకు ఒక్క గంట ఈ పాఠం చెప్పినా, పోలీసులకు విమానాశ్రయం దాకా వెళ్లే పని కొంత తగ్గుతుంది.