మూడు దాటాక ఆ మడుగులు అడవివి

సంపాదకులు గారికి,

తలకోన జలపాతానికి ఎగువనున్న మడుగుల దగ్గరికి ఫాల్గుణం మొదలు తొలకరి దాకా మధ్యాహ్నం మూడు దాటాక ఎవరినీ పోనివ్వకూడదని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ అడవి మీద ప్రేమతో ఏటా రెండు మూడుసార్లు పోయి నడిచి వచ్చేవాణ్ణి. ఈ నిబంధన ముందుగా నాకే వర్తిస్తుందని తెలిసే అడుగుతున్నాను.

ఈ ఫాల్గుణంలో నేనూ, బడిరోజుల నుంచీ నాతో కలిసి తిరిగే మిత్రుడూ, దారి చూపే నెరబైలు కుర్రాడూ పొద్దున్నే బయల్దేరాం. ఎర్రచందనం చెట్లు ఆకు రాల్చాయి. అడుగు వేస్తే గలగలమంటోంది. వెదురు గుబురులో ఆకుపచ్చ పుల్ల ఒకటి కదిలితే పసిరిక పాము అని కుర్రాడు చూపించాడు. గిల్లతీగ అల్లుకున్న పెద్ద చెట్టు పైకొమ్మన బెట్టుడుత తోక వేలాడేసుకుని కాయ కొరుకుతూ కనిపించింది. తడి బండ పగులులో బంగారు బల్లి. దాని ఒంటి పసుపు చూసి మా మిత్రుడు చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

తిరుగుదారిలో నాచు పట్టిన రాయి మీద అతని కాలు జారి చీలమండ వాచిపోయింది. తువ్వాలు తడిపి కట్టి, మడుగుకు కాస్త దూరంలో గుండు చాటున కూర్చోబెట్టాం. నొప్పి తగ్గేదాకా కదలడానికి లేదు. గంట గడిచింది. మాటలు కూడా అయిపోయాయి. అప్పుడు కుర్రాడు నా మోచెయ్యి పట్టుకుని, “కదలాకండి సార్” అన్నాడు గొంతులోనే.

ఎదుటి వాలు మీద ఆడ కణితి, వెనక దాని పిల్ల. నాలుగడుగులు వేస్తుంది, ఆగి చెవులు తిప్పుతుంది, మళ్లీ దిగుతుంది. అంత పెద్ద జంతువు ఎండుటాకుల మీద చప్పుడు లేకుండా ఎలా నడిచిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. నీటికి ఇంకా పదడుగులు ఉందనగా కింది మలుపులోంచి స్పీకరులో పాట వచ్చింది. కణితి ముందుకాలితో నేల తన్ని ఒక్క అరుపు అరిచింది. రెండూ వాలెక్కి మాయమయ్యాయి. వచ్చినవాళ్లు అయిదుగురు. షాంపూ పొట్లాలు చింపి మడుగులో దిగారు. చీకటి పడకముందే దిగాలని మేం లేచింది అయిదింటికి. అంతదాకా కణితి రాలేదు.

ఆ పిల్లలు చెడ్డవాళ్లు కారు. మా మిత్రుణ్ణి భుజం పట్టి కిందికి దించింది వాళ్లే. జరిగింది చెబితే ఒకతని ముఖం పాలిపోయింది, “మాకెవరూ చెప్పలేదన్నా” అన్నాడు. నా బాధంతా అక్కడే.

వానాకాలంలో ప్రతి వంకలోనూ నీళ్లుంటాయి. మనం ఒకచోట గోల చేస్తే జంతువు ఇంకోచోట తాగుతుంది. ఫాల్గుణానికి వంకలు తెగిపోయి అక్కడొకటి ఇక్కడొకటి మడుగులు మిగులుతాయి. పగలంతా మనుషులున్న నీటికి జంతువులు సాయంత్రం దిగుతాయి. ఆ వేళ కూడా మనమే ఒడ్డున కూర్చుంటే పాలిచ్చే తల్లి ఎక్కడికి పోవాలి? షాంపూ పడిన నీటిలో పైపొర పట్టు తప్పి, నీళ్ల మీద నడిచే పురుగులు మునిగిపోతాయి. కప్పపిల్లలు ఉండేదీ ఆ నీటిలోనే.

అడవిలో సాసర్ గుంటలు కట్టి ట్యాంకర్లతో నింపుతారు కదా అంటారు కొందరు. మంచి పనే. కానీ ట్యాంకరు పోయే చోటే అవి నిండుతాయి. రాతివాలు మీది మడుగుకు ఏ ట్యాంకరూ ఎక్కదు. సిద్ధేశ్వరస్వామి దర్శనానికి వచ్చి జలపాతంలో స్నానం చేసేవారి నమ్మకం నాకూ ఉంది. ఆ స్నానాన్ని ఆపమనడం లేదు, నేనడిగేది ఎగువ మడుగుల సంగతి. దారి చూపి బతికే కుర్రాళ్ల కూలికీ దెబ్బ తగలదు, నడక పొద్దున ఆరింటికే మొదలుపెట్టవచ్చు.

కొత్త చట్టం కూడా అక్కర్లేదు. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. అలాంటిచోట వన్యప్రాణిని వేధించకూడదనీ చెత్త వేయకూడదనీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే చెబుతోంది. ఆ మాట తెలుగులో పెద్ద అక్షరాలతో కాలిబాట మొదట్లో రాసిపెట్టాలి. స్పీకర్లు, సబ్బులు, షాంపూలు అక్కడే తీసిపెట్టుకుని తిరుగుదారిలో ఇచ్చెయ్యాలి. రెండున్నరకు ఒక మనిషి పైకి వెళ్లి అందరినీ దించుకురావాలి. ఆ పని నెరబైలు కుర్రాళ్లకే జీతమిచ్చి అప్పగిస్తే మరీ మంచిది. కణితి రాకను మాకన్నా ముందు పసిగట్టింది వాళ్లలో ఒకడే.

మా మిత్రుడి కాలు బాగైంది. వైశాఖంలో మళ్లీ పోవాలనుకుంటున్నాం. నిబంధన వచ్చినా రాకపోయినా రెండున్నరకల్లా దిగేస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి