సంపాదకుని మాట: దానమిచ్చే బొంతకు ఏ కుట్టు?

భివండీలోని కామత్‌ఘర్ సందుల్లో పవర్‌లూమ్ చప్పుడుకూ కొదవ లేదు, గుడ్డకూ కొదవ లేదు. తెలంగాణ నుంచి తరాల కిందట భివండీ చేరిన పద్మశాలీల ఇళ్లలో పాత చీరలు పొరలు పేర్చి బొంత కుట్టడం ఎరిగిన పనే. పక్కింటి మరాఠీవాళ్లు దాన్నే గోధడీ అంటారు. ముంబైలో పరేల్ టాటా ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద పడుకునే రోగుల కోసం బొంత కుట్టాలనుకునేవారికి ఈ సంచికలో కొన్ని కుట్టు వరసలు ఇస్తున్నాం.

నా ఓటు అంచు నుంచి నడిమికి చుట్టుకుంటూ పోయే కుట్టుకే. కర్ణాటకలో సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే కవందీ బొంత కూడా ఇలాగే మూల దగ్గర మొదలై లోపలికి తిరుగుతుంది. నలుగురు నాలుగు వైపులా కూర్చోవచ్చు, సుద్దముక్కతో పనిలేదు. ఏటవాలు గళ్లు అందమే, కాదనను. కానీ గీతలు గీయడానికే పూట గడిచిపోతుంది. వరసకూ వరసకూ వేలెడు సందు చాలు. అంతకంటే ఎడమైతే ఉతికినప్పుడల్లా లోపలి పొరలు జరిగి ముద్దకడతాయి. పాలిస్టర్ చీర మాత్రం వద్దు: జారుతుంది, చెమట పీల్చదు. కవందీ మూలలకు పెట్టే ముక్కోణపు మడత పేలికలు దానం బొంతకెందుకని కొందరన్నారు. పెట్టండి. విధానం లోపలి పేజీల్లో ఉంది.